అడ్డుపుల్ల కుర్చీ

అమ్మయ్య, చెప్పేశాను. వెనక తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది, నేను వచ్చి ఈ పొడవాటి సోఫాలో కూలబడి, చెప్పుల్లోంచి కాళ్ళు బయటికి లాగి చల్లటి గచ్చు మీద ఆనించాను. ఎంత హాయిగా ఉందో. ఎదురుగా నర్సు కూర్చుని ఉంది, ఒళ్ళో ఫైలు, ఫైలు మీద రెండు చేతులు, కానీ ఆవిడ నా కాళ్ళు చూడదు, అసలు నన్నే చూడదు, చూడకూడదని గట్టిగా అనుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కోపం రాదా మరి, ఇందాక లోపల అంతమంది ముందు ఆవిడ పథకాన్ని నేను ఉతికి ఆరేసి వచ్చాను. ఇప్పుడు ట్రస్టీలు తేలుస్తున్నారు, ఇవ్వాలా వద్దా అని. ఇవ్వాలి. నా ఉద్యోగంలో ఇదే ఆఖరి మీటింగు, రేపట్నుంచి నేను ఇంట్లో మనిషిని, ఇన్నేళ్ళలో ఏ గ్రాంటు కోసమూ ఇంతగా కోరుకోలేదు, ఇవ్వాలి, ఇచ్చి తీరాలి, దేవుడా, నా మాట లోపల ఎవరి చెవికీ ఎక్కకూడదు. ఫైనాన్స్ హెడ్ అయ్యుండి తన మాట చెల్లకూడదని మొక్కుకునేది ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మూల ఉన్న నీళ్ళ మిషన్ ఒకసారి గుడగుడమని ఊరుకుంది.

ఇదంతా పెద్దాయన పెట్టిన పితలాటకం. రంగుల ఫ్యాక్టరీలు నడిపి, సంపాదించిన దాంట్లో పెద్ద వాటా ఈ ఫౌండేషన్‌కి రాసిచ్చిన పెద్దాయన. నేనప్పటికి ఒక సిమెంటు కంపెనీలో లెక్కలు చూసేదాన్ని, ఇంటర్వ్యూకని వెళ్తే ఆయన నా సర్టిఫికెట్లు తిరగెయ్యలేదు, కారెక్కించుకుని తీసుకెళ్ళి ఒక గ్రంథాలయం చూపించాడు. ఆయన మొట్టమొదట కట్టించింది, పైకప్పంతా అద్దాలే, లోపల నిలబడితే నెత్తిన ఆకాశం, ఎంత అందంగా ఉందో, కానీ ఒక్క ఎండాకాలానికే పుస్తకాల జిగురు కరిగిపోయి అట్టలన్నీ ఊడి చేతుల్లోకి వచ్చేశాయి. "ఎండ పడుతుందని ఇంజినీరుకి తెలుసు, లైబ్రేరియన్‌కి తెలుసు, మా ట్రస్టీలందరికీ తెలుసమ్మా. నాకు నచ్చిందని ఒక్కడూ నోరు మెదపలేదు. డబ్బు పెరిగిన కొద్దీ నన్ను కాదనేవాళ్ళు తగ్గిపోయారు, ఇంట్లో మా ఆవిడొక్కతే మిగిలింది. ఆఫీసుకి కూడా రావే అంటే రానంటోంది. అందుకని నువ్వు రా" అన్నాడు. నవ్వులాటకి అంటున్నాడనుకున్నాను, కాదు. ఏ పథకం వచ్చినా సరే, ఓటు వేసే ముందు ఫైనాన్స్ చూసేవాళ్ళు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని దానికి ఎదురు మాట్లాడాలి. నచ్చకపోతే సరే, నచ్చితే ఇంకా గట్టిగా మాట్లాడాలి. నచ్చిందని ముఖంలో కూడా తెలియకూడదు. ఆ కుర్చీకి ఓటు లేదు. ఆ కుర్చీ పని ఎదురు చెప్పడమేనని సాయం అడగడానికి వచ్చినవాళ్ళకి ముందుగా చెప్పకూడదు, చెబితే వాళ్ళు దాన్ని నాటకం కింద తీసుకుని సరిగ్గా జవాబివ్వరని ఆయన లెక్క. కాగితాల మీద దానికేదో గౌరవమైన పేరుంది కానీ ఆఫీసులో అందరికీ అది అడ్డుపుల్ల కుర్చీ, అందులో కూర్చునే నేను అడ్డుపుల్లమ్మని. ఆ పేరు నాకు తెలీదని వాళ్ళు అనుకుంటారు, తెలుసని నేనూ చెప్పలేదు.

ఎన్నిటికి అడ్డం పడ్డానో. దెబ్బ తగిలిన వీధి కుక్కలకి అంబులెన్సు కావాలని ఒకాయన వచ్చినప్పుడు, "బాగానే ఉంది గానీ ఫోన్ ఎవరు చేస్తారు, కుక్క చెయ్యదు కదా" అని నేను ముఖం గంభీరంగా పెట్టుకుని అడిగితే పెద్దాయన నవ్వాపుకోలేక లేచి బయటికి వెళ్ళిపోయాడు, తిరిగి వచ్చి, ప్రతి దుకాణం తలుపు మీదా ఆ నంబరు రాయించడానికి కూడా కలిపి ఇచ్చాడు. అలా నా మాటల మీదే కాలు పెట్టి పైకెక్కినవి ఉన్నాయి, పడిపోయినవీ ఉన్నాయి, పడిపోయినవాటిలో పడాల్సినవే ఎక్కువ. పోనీ ఆ అలవాటు ఆఫీసులో వదిలి ఇంటికొస్తానా అంటే, నోరు నా వెంటే వచ్చేది. మా ఆయన చుట్టాల్లో ఎవరైనా నా ఉద్యోగమేంటని అడిగితే "అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తుంటాడు, మధ్యలో మా ఆవిడ వెళ్ళి అల్లుడి చెయ్యి పట్టుకుంటుంది" అని చెప్పేవాడు. మా అమ్మాయి తను ఇష్టపడ్డ అబ్బాయిని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చినప్పుడు గుమ్మంలోనే "అమ్మా, కుర్చీలోంచి మాట్లాడకు, మామూలుగా మాట్లాడు" అంది. నేను మామూలుగానే మాట్లాడాననుకున్నాను. తర్వాత తెలిసింది, దారిలోనే ఆ పిల్లాడికి చెప్పి తెచ్చిందట, మా అమ్మ నీలో మూడు లోపాలు చెప్పిందంటే నువ్వు నచ్చినట్టు, ఏమీ అనకుండా టీ ఇచ్చిందంటే మాత్రం లేచి వెళ్ళిపో అని. నాలుగు చెప్పాను. ఇప్పుడు నాకు కొడుకు కంటే ఎక్కువ. రేపట్నుంచి ఇష్టమైనదాన్ని ఇష్టమని పైకే అనొచ్చు, ఎవరూ కాదనరు, ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు తేలికైపోతోంది.

కానీ ఈ ఒక్కటీ కావాలి. ఈ కాగితాలు నా బల్ల మీదికి వచ్చిన రోజు మొదటి పేజీ చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. ఇది మంచం పట్టిన మనిషికి కాదు, ఆ మంచం పక్కన ఉండే మనిషికి. వారంలో రెండు రోజులు, పని నేర్చుకున్న మనిషి ఇంటికొచ్చి రోగిని చూసుకుంటుంది, ఆ రెండు రోజులూ ఇంటి మనిషి పడుకోవచ్చు, బజారుకెళ్ళొచ్చు, ఊరికే కూర్చోవచ్చు, అంతే, ఇంకేమీ లేదు. మా అక్కని చూసి రాశారా అనిపించింది. బావ లిఫ్టులు బాగుచేసేవాడు, "జనాన్ని పైకి పంపించేది నేనే, కాకపోతే మళ్ళీ కిందికి కూడా దింపుతా" అనేవాడు ఎవరు కొత్తగా పరిచయమైనా. పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది, మాటలూ పోయాయి, ఒక్కటి తప్ప, అది అక్క పేరు. నీళ్ళు కావాలన్నా అదే, దిండు జారినా అదే, భయమేసినా అదే. అక్క ఆయన మంచం పక్కన కుర్చీలో పడుకుంటుంది, దాన్ని పడుకోవడమంటారా, ఒక కాలు మంచం పట్టె మీద ఆనించి కళ్ళు మూసుకుంటుంది, ఆయన కదిలితే పట్టె కదులుతుంది, పట్టె కదిలితే అక్క లేస్తుంది. నాలుగేళ్ళుగా ఇదే వరస. పనికి మనుషుల్ని పెట్టి చూశాం. ఒకావిడ ఆయన్ని మూటని తిప్పినట్టు తిప్పేది, ఇంకొకావిడ ఫోన్లో కబుర్లు చెప్తూ ఆయన నోట్లో అన్నం కుక్కేది, అక్క ఇద్దరినీ పంపించేసింది, వంక పెట్టిందని అందరూ అన్నారు కానీ నేను కళ్ళారా చూశాను, వంక కాదు. ఆదివారాలు నేను వెళ్తే "కాసేపు ఆయన్ని చూస్తూ ఉండవే" అని వంటింట్లోకి వెళ్తుంది, వెళ్ళి గిన్నె ఒకటి చేతిలో పట్టుకుని నిలబడే కునుకు తీస్తుంది. వెళ్ళి మంచమెక్కి పడుకో అక్కా అంటే, "ఆయన్ని తిప్పడం నీకు రాదు, నేను ఒళ్ళెరక్కుండా పడుకుంటే ఎవరు తిప్పుతారు" అంటుంది. ఆ కాగితాల్లో ఆ తిప్పడం నేర్పుతారని ఉంది. చివరి పేజీలో మొదలుపెట్టబోయే పేటలు ఉన్నాయి, అందులో అక్క వాళ్ళ పేట కూడా ఉంది.

మా దగ్గర ఇంకో నియమం ఉంది, పథకం వల్ల మన వాళ్ళకి లాభం ఉంటే ముందే చెప్పెయ్యాలి, తేల్చే సమయానికి బయటికి వచ్చి కూర్చోవాలి. చెప్పేశాను. ఎదురు మాట్లాడే పని కూడా ఇంకెవరికైనా అప్పగించమన్నాను, రేపట్నుంచి ఆ కుర్చీలో కూర్చోబోయే ఆవిడ సరేనని తల కూడా ఊపింది, కానీ పెద్దాయన కూతురు, ఇప్పుడు మా అధ్యక్షురాలు, ఒప్పుకోలేదు. "ఓటు ఎలాగూ లేదు కదా, మీరే చెప్పి బయటికి వెళ్ళండి" అంది. ఆవిడ భయం ఎందుకో నాకు తెలుసు. ట్రస్టీల్లో లాయరుగారు ఒకాయన ఉన్నారు, ఎదురు మాట మెత్తగా పడిందని అనిపిస్తే చాలు, అడ్డుపుల్ల సరిగ్గా వెయ్యలేదు, ఈ ఓటు చెల్లదు, మళ్ళీ మూడు నెలల తర్వాత పెట్టండి అంటారు, ఇదివరకు రెండుసార్లు అలాగే అన్నారు. మూడు నెలలు ఆ గదిలో ఎంతసేపు, అక్క కుర్చీలో ఎంతసేపు. కాబట్టి గట్టిగా చెప్పాలి, అక్కకి అందాల్సిన దాన్ని నా నోటితోనే గట్టిగా కాదనాలి, పాము చావకుండా కర్ర విరక్కుండా మాట్లాడితే కుదరదు.

చెప్పడానికి ఏముందా అని వారం రోజులు వెతికాను. ఎక్కడా కన్నం దొరకలేదు, జీతాలు సరిపోయాయి, శిక్షణ సరిపోయింది, ఆ నర్సు ముంజేతులు చూస్తేనే తెలుస్తుంది ఆవిడకి పని తెలుసని. ఆఖరికి దొరికింది, అది ఆవిడ కాగితాల్లో కాదు, మా దగ్గరే ఉంది. పెద్దాయన పెట్టిన కట్టుబాటు ప్రకారం వడ్డీ మాత్రమే ఖర్చు పెట్టాలి, అసలు మీద చెయ్యి వెయ్యకూడదు, ఏ పథకానికైనా మూడేళ్ళకి మించి ఇవ్వకూడదు. అందుకని లోపల అడిగాను, మూడేళ్ళ తర్వాత ఏం చేస్తారండీ అని. ఇన్నేళ్ళు నిద్ర లేని మనిషికి నిద్ర అలవాటు చేసి, మూడేళ్ళు కాగానే వచ్చి, ఇక లేవండి, మళ్ళీ కుర్చీలోకి వెళ్ళండి అని చెప్తారా, అంతకంటే అసలు ఇవ్వకపోవడమే నయం కాదా అని. మాట్లాడుతుంటే గొంతు ఎక్కడా వణకలేదు, అదే నాకు ఆశ్చర్యం. నర్సు ఫైల్లో పేజీలు తిరగేసింది. ఒకటి రెండుసార్లు ఏదో మొదలుపెట్టి ఆపేసింది. లాయరుగారు కలం మూసి బల్ల మీద పెట్టారు, ఆయన కలం మూశారంటే వద్దన్నట్టేనని మాకందరికీ తెలుసు. తర్వాత ఆవిణ్ణి బయట కూర్చోమన్నారు, వెనకే నేనూ వచ్చేశాను.

"మిమ్మల్ని కూడా బయటికి పంపించారా?"

నర్సే. ఇంకా కిటికీ వైపే చూస్తోంది, కానీ మాట నాకే.

"నేనే వచ్చానండీ."

"మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉండుంటే అలా మాట్లాడేవారు కాదు."

ఏమీ చెప్పకూడదు, ఓటు అయ్యేదాకా కుర్చీ సంగతి బయటపెట్టకూడదు, కానీ బయటికి ఎందుకొచ్చానో చెప్పకూడదని ఎక్కడా లేదు. ఇన్నేళ్ళుగా నియమాలు చదివిన కళ్ళకి సందు వెంటనే కనిపించింది.

"ఉన్నారు. మా అక్క మొగుడు. మీరు రాసిన పేటల్లో మా అక్క వాళ్ళది ఒకటి. మా వాళ్ళకి లాభం ఉన్న చోట నేను లోపల ఉండకూడదు, అందుకే వచ్చాను."

ఇప్పుడు తిరిగి చూసింది. ముఖం చూసింది, గచ్చు మీద ఉన్న నా పాదాలు చూసింది, మళ్ళీ ముఖం చూసింది.

"మరి అలా ఎందుకు అడిగారు?"

"నా పని అదండీ."

"ఇదేం పనండీ బాబూ," అంది నర్సు. కోపంగా కాదు, జాలిగా అంది, లేచి వెళ్ళి రెండు కాగితం గ్లాసుల్లో నీళ్ళు పట్టి ఒకటి నాకు తెచ్చిచ్చింది. గ్లాసు అందుకుంటుంటే కన్నీళ్ళు వచ్చేశాయి, నీళ్ళు తాగుతున్నట్టు తల వంచేశాను.

తలుపుకి మసక అద్దం, లోపల మనుషులు రంగు మరకల్లా కనిపిస్తారు, ఆ పసుపు మరక అధ్యక్షురాలు, ఆ నల్లది లాయరుగారు, నల్లది లేచి నిలబడింది, పసుపుది కూడా లేచింది, పోట్లాడుతున్నారు, మాటలు వినబడవు కానీ వాళ్ళ చేతులు చూస్తే తెలుస్తోంది. పెద్దాయన ఆఖరిసారి ఆఫీసుకి వచ్చినప్పుడు చేతికర్ర పట్టుకుని మెట్ల దగ్గర ఆగి, "నిన్ను చూస్తే నాకు భయం పోతుందమ్మా" అన్నాడు, ఎందుకండీ అంటే, "నేనేం తప్పు చేసినా ముందు నువ్వు చెప్తావు కదా, జనం చెప్పేదాకా ఆగక్కర్లేదు" అన్నాడు. ఆ మాట ఇన్ని రోజులు నాకు జీతంతో పాటు అందుతున్నట్టే ఉండేది. సిమెంటు కంపెనీలోనే ఉండిపోతే ఈపాటికి పెద్ద ఇల్లు కట్టేదాన్ని, మా ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తు చేస్తాడు, వేళాకోళానికే లెండి. ఉండిపోలేదు, మంచిపనే చేశాను. లోపల నేనడిగింది అబద్ధం కాదు, అది తలుచుకుంటే గుండె కాస్త నిమ్మళిస్తోంది, అక్క కోసమని పథకాన్ని వెనకేసుకు రాలేదు, ఎదురు చెప్పాలి కదా అని దొంగమాటా ఆడలేదు, ఉన్నదే అడిగాను. మూడేళ్ళు నిద్రపోయి మళ్ళీ ఆ కుర్చీలోకి వెళ్ళమంటే అక్క వెళ్తుంది, నోరెత్తకుండా వెళ్తుంది, ఆ వెళ్ళడం నేను చూడలేను. పోనీ ఇవ్వరనుకుందాం. ఇవ్వకపోతే, ఏమో, ఇవ్వకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. నల్ల మరక కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. మామూలుగా కార్యదర్శి వచ్చి పిలుస్తాడు, ఇవాళ అధ్యక్షురాలే వచ్చింది, ముఖం ఎర్రగా ఉంది. నేను చెప్పులు వెతుక్కునే లోపే నర్సు చేతులు పట్టుకుంది.

"ఇచ్చాం," అంది. "మూడేళ్ళ తర్వాత ఏంటని ఈవిడ అడిగితే మీరు జవాబు చెప్పలేదు. మీ దగ్గర ఎలా ఉంటుంది, అది మేం చెప్పాల్సిన జవాబు. ఇంతసేపు దానికే కొట్టుకున్నాం. అసల్లోంచి కొంత తీసి విడిగా పెడుతున్నాం, దాని మీద వచ్చేదంతా ఎప్పటికీ మీ పనికే. మా నాన్న ఉంటే నన్ను ఇంట్లోంచి గెంటేసేవారు." తర్వాత నా వైపు తల ఆడించి, "ఈవిడ పని ప్రతిదానికీ ఎదురు చెప్పడం. నచ్చినవాటికి ఇంకా గట్టిగా చెప్తుంది. లేకపోతే మేం ఎప్పట్లాగే మూడేళ్ళకి సంతకం పెట్టి ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళం," అంది.

నవ్వొచ్చింది, పైకే నవ్వాను, నర్సు ఫైలు కింద పడేసి ఏడుస్తోంది, ఆవిడ ఏడుపు నా నవ్వు కలిసి వినబడి కార్యదర్శి కంగారుగా తొంగిచూశాడు. అప్పుడు అధ్యక్షురాలు గొంతు తగ్గించింది.

"ఒక్కటే. మీ అక్కగారి పేట మొదటి విడతలో లేదు. మీ వాళ్ళున్న చోటే మొదలుపెట్టారంటే రేపు బయట నలుగురూ నాలుగు రకాలుగా అంటారని లాయరుగారు పట్టుబట్టారు. రెండేళ్ళు ఆగాలి. మీకేమైనా అభ్యంతరమా?"

అభ్యంతరమా అని నన్ను అడుగుతోంది. అక్కకి ఇంకా రెండేళ్ళు. చివుక్కుమంది, చివుక్కుమనలేదని ఎలా అంటాను, కానీ లాయరుగారు అన్నది సబబే, ఆ కుర్చీలో ఉంటే ఆ మాట నేనే అనేదాన్ని. అక్కకి రాకపోయినా వచ్చింది, ఎవరి అక్కకో, ఎవరి అమ్మకో, ఎప్పటికీ వచ్చింది, ఇక ఎవరూ తీసుకోలేరు.

"లేదండీ," అన్నాను. "నా అభ్యంతరాలు అయిపోయాయి."

నర్సు ముక్కు తుడుచుకుని ఫైలు కాగితాలు ఏరుకుంటూ, మామూలు మాట చెప్పినట్టు చెప్పింది, "సోమవారం నుంచి శిక్షణ మొదలుపెట్టేస్తానండీ. మనిషిని నొప్పి పెట్టకుండా ఎలా తిప్పాలి, ఎలా కూర్చోబెట్టాలి, అన్నం ఎలా తినిపించాలి, అన్నీ. జీతానికి వచ్చేవాళ్ళే రావాలని ఏం లేదు. మీరు రండి."

నేనా అనబోయాను. ఈ వయసులో నా వల్ల అవుతుందా అనబోయాను, ఇంకా చాలా అనబోయాను, నోటి చివరిదాకా వచ్చినవన్నీ అక్కడే ఆగిపోయాయి. వస్తానన్నాను. వస్తానని చెప్పి, ఆ సోఫా చివరనే కూర్చుని, లోపల వీడ్కోలు టీకి నా కోసం అందరూ ఎదురుచూస్తున్నా ముందు అక్కకి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఏంటే, ఈ వేళప్పుడు? అందరూ బానే ఉన్నారా?"

"బానే ఉన్నారు. అక్కా, నేను సోమవారం నుంచి బావని చూసుకోవడం నేర్చుకుంటున్నా. నర్సు దగ్గర. పని వచ్చాక వారంలో రెండు రోజులు మీ ఇంట్లో నేనుంటా, నువ్వు వెళ్ళి లోపలి గదిలో పడుకో."

"నీ మొహం. నీ నడుముకే దిక్కులేదు."

"నడుం నొప్పెట్టకుండా తిప్పడమే నేర్పుతారట."

"మీ ఆయన?"

"వంట ఆయనకి నా కంటే బాగా వచ్చు."

"మీ బావ నన్నే పిలుస్తారే. నా పేరే కదా వచ్చేది. నేను వినకుండా ఎలా ఉంటాను?"

"పిలిస్తే నేను పలుకుతా."

వెనక ఎక్కడో బావ గొంతు, ఆ ఒక్క మాటే, అక్క ఆయనకేదో సర్ది చెప్పి మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతు మెల్లగా ఉంది, ఎవరైనా వింటే తిడతారేమో అన్నట్టు.

"తలుపేసుకోవచ్చా?"

"గడియ కూడా పెట్టుకో."

"ఎంతసేపే?"

"నువ్వు లేచేదాకా," అన్నాను.